లింగప్ప చూపు, ఏమీ చేయని వాయువు

అది 1942, వానాకాలం. గద్వాలలో ఒక చిన్న ఇంజను షెడ్డు ఉండేది. దీపాలు పెట్టే వేళకు ఇంజను మొదలయ్యేది, ఊరు భోజనాలు చేసి పడుకునే సమయానికి ఆగేది. ఆ కొద్ది గంటల కరెంటు కొన్ని పెద్ద ఇళ్ళకు, రెండు మూడు దుకాణాలకు, దవాఖానకు అందేది. నేను అక్కడ ఎలక్ట్రిక్ మిస్త్రీని. వైర్లు లాగడం, కాలిన ఫ్యూజులు కట్టడం, బల్బులు బిగించడం నా పని. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. సికింద్రాబాదులో ఒక వర్క్‌షాపులో రెండేళ్ళు పని నేర్చుకొచ్చానన్న పొగరు కూడా కొంచెం ఉండేది. మా ఊళ్ళో ఫిలమెంట్ అనే మాట పలకడం నా ఒక్కడికే వచ్చునని నా నమ్మకం. బల్బు లోపల వేడెక్కి వెలిగే సన్నని తీగనే ఫిలమెంట్ అంటారు.

ఒకరోజు మధ్యాహ్నం షెడ్డులో ఇంజను బెల్టు జారకుండా దానికి రోజనం రాస్తూ కూర్చున్నాను. ఒక ఆడమనిషి కొంగు చాటున ఏదో పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పేరు మాణెమ్మ. నేత పనిచేసే లింగప్ప కోడలు. ఆమె భర్త సోలాపూర్ మిల్లులో పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో ఆమె, మామ, ఇద్దరు పిల్లలు. కొంగు తీసి చూపిస్తే లోపల ఉన్నది బల్బు. మావాళ్ళు దాన్ని బుగ్గ అంటారు.

"అన్నా, దీన్ని జర చూడు. వారం దినాల సంది బూడిద పెట్టి తోముతున్న. ఎంత తోమినా మసి పోతలేదు. ఇంక దేంతోని కడగాల్నో చెప్పు."

నాకు నవ్వు ఆగలేదు. ఆమె తప్పేం లేదు. ప్రతి ఇంట్లో సాయంత్రం కాగానే లాంతరు చిమ్నీని బూడిదతో తోమి, పాత గుడ్డతో తుడిచి వెలిగించడం కోడళ్ళ పని. చిమ్నీ మసిబారితే కోడలికి తిట్లు. మామ నేసే కొట్టంలోని కరెంటు బుగ్గ కూడా గాజే కదా అని ఆమె దాన్ని హోల్డర్ నుంచి తీసి అంతే శ్రద్ధగా తోమింది. ఎంత శ్రద్ధగా అంటే, గాజు మీద కంపెనీవాళ్ళు ముద్రించిన అంకెలన్నీ అరిగిపోయాయి.

"నవ్వుతవేందన్నా? నవ్వించనీకి రాలే నేను. మా మామతోని చీరలు నేయించే సావుకారి నన్ను తిడుతుండు, బుగ్గ సాఫ్ జేస్తలేవని. మా మామకేమో రేచీకటి వచ్చిందంటున్రు. నా పానమంత పరేషాన్‌గ ఉంది."

నవ్వు ఆపేశాను. ముందు ఆ మసి సంగతి చెప్పాలనిపించింది. మా షెడ్డు అటక మీద చచ్చిపోయిన బల్బులు పడేసి ఉండేవి. వాటిలో మూడు ఏరి ఆమె ముందు పెట్టాను. మొదటిది చుట్టూ ఒకే తీరుగా నల్లబడింది. రెండోదాని లోపల తెల్లటి పొడి అంటుకుని ఉంది. మూడోది మెడ దగ్గర మాత్రమే నల్లగా ఉండి, కింద గాజు తేటగా మెరుస్తోంది.

"ఈ నలుపు బయటిది కాదమ్మా, లోపలిది. నువ్వు ఏడాది తోమినా పోదు" అన్నాను.

"లోపలికి పొగ ఎట్ల పోయింది? నలుదిక్కుల మూసే ఉండె గద?"

పొగ కాదని చెప్పాను. ఫిలమెంట్ టంగ్‌స్టన్ అనే లోహం. అది తెల్లగా కాగేటప్పుడు మన కంటికి కనిపించనంత సన్నగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి పోయి చల్లటి గాజుకు తగిలి నల్లగా పేరుకుంటుంది. పాత రకం బల్బుల్లో లోపలి గాలినంతా తోడేసి ఖాళీగా ఉంచేవారు. వాటిని వాక్యూమ్ బల్బులనేవారు. గాలి ఉంటే ఎర్రగా కాగిన తీగ దాంట్లోని ఆక్సిజన్‌తో కలిసి క్షణంలో కాలి తెల్లటి పొడి అవుతుంది. నేను చూపించిన రెండో బల్బుకు పట్టిన గతి అదే. దాని గాజు ఎక్కడో చిట్లి గాలి దూరింది. గాలి లేకపోతే తీగ కాలదు సరే, కానీ ఆవిరిని ఆపేదీ ఏమీ ఉండదు. అందుకని తీగను ఎక్కువ వేడి చేయకుండా పసుపుపచ్చగా, మసకగా వెలిగిస్తారు. అయినా రోజులు గడిచేకొద్దీ గాజంతా నల్లబడుతుంది.

"మరి ఈ మూడోదాంట్ల ఏముంది?"

"ఆర్గాన్ అని ఒక వాయువు. మనం పీల్చే గాలిలోనే ఉంటుంది. వంద పాళ్ళలో దాదాపు ఒక పాలు."

"అదేం చేస్తది?"

"ఏమీ చేయదు. కాలదు, దేన్నీ కాలనీయదు, ఏ లోహంతోనూ కలవదు. రంగు లేదు, వాసన లేదు."

మాణెమ్మ నా మొహం వంక చూసింది. "ఏం పని చెయ్యనిదానికి బుగ్గల జాగెందుకు ఇచ్చిన్రన్నా? గట్లాంటి మగోళ్ళు ఊర్ల చానమందే ఉన్నరు" అంది.

ఈసారి ఇద్దరం నవ్వాం. ఆమెకు చెప్పినదే మీకూ చెబుతాను. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్ అని ఆరు వాయువులది ఒక కుటుంబం. మిగతా మూలకాలు తమ ఎలక్ట్రాన్ల లెక్క సరిపోక ఒకదాని దగ్గర తీసుకుంటూ, ఒకదానికి ఇస్తూ, పంచుకుంటూ కలుస్తుంటాయి. వీటికి ఆ లెక్క పుట్టుకతోనే సరిపోయి ఉంటుంది. అందుకే సొంత జాతితో కూడా జతకట్టకుండా ఒక్కొక్క పరమాణువుగానే తిరుగుతాయి. ఇవి దేనితోనూ కలవవనే మాకు అప్పట్లో నేర్పారు. చాలా ఏళ్ళ తర్వాత జినాన్‌ను ఫ్లోరిన్‌తో కలపగలిగారని చదివి, నా గురువు అబద్ధం చెప్పినంత బాధపడ్డాను. ఆర్గాన్ మాత్రం నా బల్బుల్లో ఏనాడూ మాట తప్పలేదు. దానికి కొంచెం నత్రజని కలిపి బల్బులో నింపుతారు. తీగ చుట్టూ ఆ అణువులు కిక్కిరిసి ఉంటాయి గనక, ఆవిరై బయలుదేరిన లోహంలో చాలా భాగం వాటికి తగిలి వెనక్కి మళ్ళుతుంది. కాబట్టి తీగను ఇంకా ఎక్కువ వేడి చేయొచ్చు, వెలుగు తెల్లగా వస్తుంది. తప్పించుకున్న కాస్త ఆవిరినీ వేడెక్కిన వాయువు పైకి మోసుకుపోయి మెడ దగ్గర వదిలేస్తుంది. కింద గాజు తేటగా ఉండడానికి కారణం అదే.

మాణెమ్మ తెచ్చిన బుగ్గ చుట్టూ ఒకే తీరుగా నల్లబడి ఉంది. అంకెలు అరిగిపోయినా అది పాత వాక్యూమ్ బల్బని చూడగానే తెలిసిపోయింది.

అప్పుడడిగాను, రేచీకటి గొడవేమిటని. ఆమె గుమ్మంలోనే కూర్చుని చెప్పింది. సావుకారి శివరాజయ్య ఇంటి వెనక కొట్టంలో లింగప్పకు మగ్గం ఉంది. ఒక పెళ్ళి చీర నేస్తున్నాడు. నూలు ఒళ్ళు, పట్టు అంచు. అంచుకు నేరేడుపండు రంగు పట్టు. పెళ్ళి దగ్గర పడిందని సావుకారి కరెంటు బుగ్గ కింద సాయంత్రాలు కూడా నేయమన్నాడు. పక్కనే గంపలో ఇంకో చీర కోసం చుట్టిన నల్లనీలం పట్టు కండెలు ఉన్నాయి. కండె అంటే నాడెలో, అంటే మగ్గం మీద అటూ ఇటూ విసిరే చెక్కలో, పెట్టే దారం చుట్ట. మొదటిరోజు సాయంత్రం నేసింది తెల్లారి చూసుకుంటే అంచులో జానెడు మేర నేరేడు బదులు నల్లనీలం పడింది. లింగప్ప ఎవరికీ చెప్పకుండా దారం ఊడదీసి మళ్ళీ నేశాడు. ఇంకో రోజూ అంతే. మూడోసారి ఊడదీస్తుండగా సావుకారి చూశాడు.

"మా మామ నలభై ఏండ్ల సంది పట్టు నేస్తుండు. ఇప్పుడు పగలు మంచిగ కనిపిస్తది, పొద్దుగూకితే రంగు తెల్వదంటుండు. ఆయన నాయినకు గూడ మొదట రేచీకటి వచ్చి, తర్వాత రెండు కండ్లు పోయినయంట. వైద్యుడు మేక కార్జం తినుమన్నడు. మా మామ ఇంక మగ్గం దిగుతనని సావుకారికి తనే చెప్పిండు. రేపటి సంది ఇంకొకరు కూసుంటరంట."

"ఆయనే చెప్పాడా?"

"ఆయనే. ఒగల చీర ఖరాబ్ చేసుడు కంటె దిగుడు మంచిదన్నడు. నిన్నటి సంది అన్నం సరిగ తింటలేడు. ఆయన మగ్గం దిగితె బతకడన్నా."

సాయంత్రం వస్తానని చెప్పి పంపాను. ఆమె వెళ్ళాక ఆ నల్లబడ్డ బుగ్గను చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. నాకు అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కింద సావుకారి ఇంటికి కరెంటు ఇచ్చింది నేనే. అప్పటికే యుద్ధం వచ్చి కొత్త బల్బులు దొరకడం కష్టమైంది. నా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి ఆర్గాన్ నింపిన మంచి బల్బు. రెండోది ఎక్కడో విప్పి తెచ్చిన పాత వాక్యూమ్ బల్బు. మంచిది సావుకారి కూర్చునే హాల్లో పెట్టాను. పాతది మగ్గాల కొట్టంలో వేలాడదీశాను. ఎవరూ అలా చేయమని చెప్పలేదు. హాల్లో వెలుగు బాగుంటే సావుకారి మెచ్చుకుంటాడు, కొట్టంలో ఏదైనా ఒకటే అనుకున్నాను. ఆ ఆలోచనకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇంజను మొదలుపెట్టే పని మా తోటివాడికి అప్పగించి, పొద్దు వాలుతుండగా లింగప్ప ఇంటికి వెళ్ళాను. యాభై ఐదేళ్ళ మనిషి, సన్నగా, వంగిన భుజాలతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మాణెమ్మ నన్ను అన్నా అంటుంది గనక ఆయన నాకు మామ.

"మామా, ఒక్కసారి కొట్టం దాకా రా. పని ఉంది."

"నా పని అయిపోయింది గద మిస్త్రీ. ఇంకేం పని?"

"నీ పని కాదు, నాది. బుగ్గ చూడాలి."

ఆయన లేచాడు. మబ్బు పట్టి ఉంది, చీకటి ముందే పడింది. సందులో బురద. నేను చకచకా నడుస్తున్నాను. వెనకనుంచి లింగప్ప నా భుజం పట్టి ఆపాడు.

"పైలం! ముంగట మోరి ఉంది. పక్కనుంచి రా."

చూద్దును గదా, ఇంకొక్క అడుగు వేస్తే మోకాలి లోతు మురుగులో ఉండేవాణ్ణి. ఆయన పక్కనుంచి నడిచి, ఒక్కో రాయి మీద కాలు పెట్టుకుంటూ దాటాడు. నేను అక్కడే నిలబడిపోయాను. రేచీకటి ఉందన్న మనిషి కళ్ళున్న నాకు మోరి చూపిస్తున్నాడు! నాకు సంతోషంతో కేక పెట్టాలనిపించింది. కానీ ఏమీ అనలేదు. ఒట్టి మాటతో చెబితే ఆయన నమ్మడు, సావుకారీ నమ్మడు.

మాణెమ్మ చేత పంపిన కబురు అంది, కొట్టంలో శివరాజయ్య మా కోసం చూస్తున్నాడు. చెడ్డవాడు కాదు. పెళ్ళివాళ్ళకు మాటిచ్చి మాట పోతుందేమోనన్న బెంగతో కోపంగా ఉన్నాడంతే. నేను తెచ్చిన ఆ పాత బుగ్గనే మగ్గం మీద బిగించాను. వెలిగింది. ఇటుకపొడి రంగు కలిపినట్టు మసక వెలుగు. మాణెమ్మ పగటి వెలుగులోనే ఏరి ఉంచిన నేరేడు కండెలు నాలుగు, నల్లనీలం కండెలు నాలుగు తీసి కలిపేశాను.

"సావుకారీ, మీ కళ్ళు మంచివే కదా. నేరేడువి ఏరి ఇవ్వండి."

శివరాజయ్య విసుక్కుంటూ వంగాడు. ఒకటి తీశాడు, దీపం దగ్గర పెట్టాడు, ఇంకోటి తీశాడు, మొదటిది కింద పెట్టాడు. మా వెనకే వచ్చిన మాణెమ్మ కూడా ప్రయత్నించింది. నేనూ చూశాను. ఎనిమిదీ నలుపే. ఆ వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ, నీలం పాలు బహు తక్కువ. నీలం లేని వెలుగులో నీలం రంగు ఎలా కనిపిస్తుంది? చివరికి శివరాజయ్య నాలుగు ఏరి ఇచ్చాడు. వాటిని ఒక పక్కన పెట్టి, హాల్లోని బల్బు తెస్తానన్నాను.

"హాల్ల బుగ్గ ఎందుకు తీస్తవ్? మనుషులొచ్చే జాగ అది" అన్నాడు.

"ఒక్క గడియ ఇవ్వండి."

హాలు బల్బు విప్పి, గుడ్డలో పట్టుకొచ్చి మగ్గం మీద బిగించాను. కొట్టమంతా ఒక్కసారి తెల్లబడింది. మగ్గం గుంతలో పడిన దారపు ముక్కలు కూడా కనిపించాయి. శివరాజయ్య తాను ఏరిన నాలుగు కండెల వైపు చూసి నోరు తెరిచాడు. రెండు నేరేడు, రెండు నల్లనీలం.

"నాక్కూడ రేచీకటి వచ్చిందా ఏంది?" అన్నాడు.

"ఎవరికీ రాలేదు సావుకారీ. బుగ్గకు వచ్చింది."

లింగప్ప అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. మెల్లగా వచ్చి మగ్గం పక్కన కూర్చున్నాడు. ఎనిమిది కండెలూ ముందు వేసుకుని, లెక్కపెట్టినంత సేపట్లో నేరేడువి ఒక పక్క, నీలంవి ఒక పక్క వేశాడు. అక్కడితో ఆగినా నాకు చాలేది. ఆయన ఆగలేదు. నేరేడు కండెల్లోంచి ఒకటి మళ్ళీ తీసి, కళ్ళ దగ్గర పెట్టుకుని, దారం కొస లాగి వేలికి చుట్టుకున్నాడు.

"సావుకారీ, ఇది ఆ మూడింటితోటిది కాదు. ఒక్కటే రంగు కాగుల ముంచిన పట్టు కాదిది. దీంతోని నేస్తే అంచుల చార కనబడ్తది."

మాకెవరికీ తేడా కనిపించలేదు. నాకు అన్నీ ఒకటే నేరేడు. శివరాజయ్య ఆ కండెను విడిగా చేతిరుమాలులో కట్టి పెట్టాడు. మర్నాడు పొద్దున వాకిట్లో ఎండలో పెట్టి చూశాం. చాలాసేపు చూస్తే గానీ నాకు తెలియలేదు. ఆ ఒక్కటీ ఒక పిసరు ఎర్రగా ఉంది. రంగులు అద్దే అతన్ని పిలిచి అడిగితే, ఒక లడి దారం తక్కువైతే తర్వాత విడిగా ముంచి ఇచ్చానని ఒప్పుకున్నాడు.

అది మర్నాటి సంగతి. ఆ సాయంత్రం మాత్రం శివరాజయ్య ఆ కండెను పక్కన పెట్టగానే లింగప్పతో ఒకే మాట అన్నాడు. "కూసో లింగప్పా. రేపు ఎవ్వలూ రారు. ఈ మగ్గం నీదే." తర్వాత నా వైపు తిరిగాడు. "మిస్త్రీ, ఈ బుగ్గ ఈడనే ఉండనీ. పాతది నా హాల్ల పెట్టు. నా మొఖం ఏ రంగుల కనిపిస్తే ఏంది? చీర రంగు కనబడాలె."

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆర్గాన్ బల్బు వెలుగు కూడా పగటి వెలుగు కాదు. అందుకని కండెలన్నీ మధ్యాహ్నమే వాకిట్లో సరిచూసి, నేరేడువి ఒక గంపలో, నీలంవి ఒక గంపలో వేరుగా పెట్టమని మాణెమ్మకు చెప్పాను. బుగ్గను ఇక బూడిదతో తోమొద్దని కూడా చెప్పాను. "ఏం పని చెయ్యనోడు బానే పనికొచ్చిండు" అంది. మామ నాడె విసరడం మొదలుపెట్టాక ఆ చప్పుడు వింటూ కళ్ళు తుడుచుకుంది.

నేను వెంటనే వెళ్ళలేకపోయాను. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు గానీ, నేను చెప్పాల్సిన మాట ఒకటి మిగిలే ఉంది. శివరాజయ్య లోపలికి పోయాక లింగప్ప దగ్గర కూర్చున్నాను.

"మామా, రెండేళ్ళ కింద ఆ పాత బుగ్గ ఇక్కడ పెట్టింది నేనే. మంచిది హాల్లో పెట్టాను. తప్పు నాది."

నాడె ఆగింది. లింగప్ప నా వైపు చూడలేదు, అంచు మీదే వేలు ఆనించాడు.

"నువ్వు పెట్టినవ్, సరే" అన్నాడు. "నేను దాని కిందనే కూసుంటి గద. ఒక్కనాడన్న తలెత్తి, ఈ బుగ్గ మంచిగ లేదేమో అనుకోలె. నా కండ్లు పోయినయనే అనుకున్న. మాసొంటోళ్ళకు గదే వస్తది మిస్త్రీ. ఏది తప్పు పోయినా మాదే అనుకుంటం."

మళ్ళీ నాడె విసిరాడు.

ఆ చీర పెళ్ళికి అందింది. లింగప్ప ఆ తర్వాత చాలా ఏళ్ళు పట్టు నేశాడు. నేనూ ముప్పై ఏళ్ళకు పైగా వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో, ఇంకా ఎన్నో ఊళ్ళలో బల్బులు బిగించాను. ఆర్గాన్ ఎందుకు మండదో ఆ రోజుకు ముందే నాకు తెలుసు. తెలియనిది వేరే ఉంది. పని చెడినప్పుడు చేసేవాడి కళ్ళను, చేతులను అనుమానించే ముందు, మనం అతనికి ఇచ్చిన వెలుగు ఎలాంటిదో చూడాలి. ఎందుకంటే అతను మనల్ని అడగడు, తననే తప్పుపట్టుకుంటాడు. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్ళినా హాలు చూపించబోయే యజమానిని ఆపి, ముందుగా అడిగేవాణ్ణి: "ఈ ఇంట్లో కళ్ళు పెట్టి పనిచేసేది ఎవరు? ఎక్కడ కూర్చుంటారు?" మంచి బల్బు అక్కడే బిగించేవాణ్ణి.